రాంకే ఒట్టి గుమాస్తా కాడు

చరిత్ర పాఠాలు చెప్పేవాళ్లలో ఒక నమ్మకం బాగా పాతుకుపోయింది. లియోపోల్డ్ ఫాన్ రాంకే అనే జర్మన్ పండితుడు పందొమ్మిదో శతాబ్దంలో చరిత్రను తత్వశాస్త్రం చెర నుంచి విడిపించాడట. తత్వవేత్త హెగెల్ గాలిలో మేడలు కడుతూ ఉంటే ఈయన దస్తావేజుల గదిలో కూర్చుని కాగితాలు తిరగేశాడట. కాగితంలో ఉన్నది రాశాడు, లేనిది వదిలేశాడు, అంతేనట. పోటీ పరీక్షల నోట్సులో ఇదంతా ఒక్క మార్కు ప్రశ్నకు కుదించుకుపోయింది: శాస్త్రీయ చరిత్ర పితామహుడు ఎవరు? జవాబు రాంకే. కుర్రాళ్లు టిక్కు పెట్టి ముందుకు పోతారు. వాళ్లను అనడానికేం లేదు. ఆ నోట్సు రాసినవాళ్లను, ఆ పాఠాన్ని ఊళ్లోకి మోసుకొచ్చి మన పెద్దల పాటల మీద ప్రయోగిస్తున్నవాళ్లను అనాలి.

బెర్లిన్ ప్రొఫెసరు గొడవ ఆళ్లగడ్డలో మనకెందుకు అని ఎవరైనా అడగొచ్చు. ఉయ్యాలవాడ నరసింహారెడ్డి మీద 2019లో సినిమా వచ్చిన దగ్గర్నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, కోవెలకుంట్ల పక్కల ఒక వాదన ఆగకుండా నడుస్తోంది. ఆయన స్వాతంత్ర్య యోధుడా, భరణం దగ్గర అవమానం జరిగిందని తిరగబడ్డ పాలెగాడి మనవడా? రెండో పక్షంవాళ్లది ఎప్పుడూ ఒకటే మాట. కలెక్టరు ఉత్తరాలు చూడండి, అందులో ఉన్నదే చరిత్ర. కోలాటం పాటలు, జంగం కథలు కాలక్షేపానికి. కాస్త చదువుకున్నవాడైతే దానికి రాంకే పేరు కూడా తగిలిస్తాడు. నరసింహారెడ్డి మీద వాళ్ల తీర్పు ఏదైనా కానివ్వండి, దాని సంగతి తర్వాత చూద్దాం. వాళ్లు పిలిచిన సాక్షి మీదే నాకు అభ్యంతరం. ఆ సాక్షిని బోనెక్కిస్తే చెప్పేది వేరుగా ఉంటుంది.

ఈ గుమాస్తా రాంకే జర్మనీలో పుట్టినవాడు కాదు. అట్లాంటిక్ దాటాక తయారైనవాడు. 1884లో ఏర్పడిన అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ మరుసటి ఏడాదే ఆయన్ను తన తొలి గౌరవ సభ్యుడిగా చేసుకుంది. అప్పటి అమెరికా ప్రొఫెసర్లకు ప్రయోగశాల మీద మోజు. చరిత్ర కూడా రసాయన శాస్త్రంలా ఉండాలనుకున్నారు. రాంకే సెమినారు పద్ధతిని ఓడెక్కించి తెచ్చుకున్నారు గానీ దాని వెనకున్న దేవుణ్ణీ తత్వాన్నీ రేవులోనే వదిలేశారు. ఆయన పోయాక పుస్తకాలు కూడా న్యూయార్క్ రాష్ట్రంలోని సిరక్యూస్ విశ్వవిద్యాలయానికే చేరాయి. ఆ తర్వాత 1961లో బ్రిటిష్ చరిత్రకారుడు ఇ.హెచ్. కార్ కేంబ్రిడ్జి ఉపన్యాసాల్లో రాంకేను ఓ నాలుగు వాక్యాల్లో ఎద్దేవా చేసి వదిలాడు. మన దేశంలో తరాల తరబడి ఎమ్మే విద్యార్థులు రాంకే రాసింది ఒక్క పేజీ చదవకుండా, ఆ నాలుగు వాక్యాల కిటికీలోంచే ఆయన్ను చూశారు. జదునాథ్ సర్కార్‌ను భారతీయ రాంకే అన్నప్పుడు కూడా పారసీ కాగితాలు వెతికిన ఓపికే లెక్కకొచ్చింది. ఇది పొరపాటు బొమ్మ అని, జర్మన్లు ఎరిగిన రాంకే వేరని చరిత్రకారుడు జార్జ్ ఇగ్గర్స్ 1962లోనే విడమరిచి రాశాడు. అరవై ఏళ్లు దాటాయి. మన నోట్సు మాత్రం కదలలేదు.

జర్మన్లు ఎరిగిన రాంకే ఎవరు? 1795లో తురింగియాలోని వీహె అనే చిన్న ఊళ్లో లూథరన్ పాస్టర్లు, లాయర్లు ఉన్న వంశంలో పుట్టాడు. లైప్‌జిగ్‌లో చదివింది దైవశాస్త్రం, గ్రీకు, లాటిన్. కాంట్‌ను చదివాడు. అంతకంటే గట్టిగా ఫిక్టేను చదివాడు. కనిపించే లోకం వెనక ఒక దైవ భావం ఉందని, దాన్ని పట్టుకుని తన కాలానికి విప్పి చెప్పడమే పండితుడి పని అని ఫిక్టే బోధ. కుర్ర రాంకే దాన్ని మనసుకు ఎంత పట్టించుకున్నాడో 1820లో తమ్ముడు హైన్రిక్‌కు రాసిన ఉత్తరం చెబుతుంది. అప్పటికి ఫ్రాంక్‌ఫర్ట్ ఆన్ డెర్ ఓడర్‌లో బడిపంతులు, వయసు ఇరవై నాలుగు. చరిత్ర అంతటా దేవుడున్నాడని, జరిగే ప్రతి పనీ ఆయనకు సాక్ష్యమని, చరిత్రలోని పెద్ద పొందికలు మరీ గట్టి సాక్ష్యమని, ఆ పవిత్ర లిపిని విప్పడం పూజారి సేవలాంటిదని అందులో సారాంశం. గుమాస్తా ఎవరైనా అలాంటి ఉత్తరం రాస్తాడా? నాలుగేళ్ల తర్వాత, 1824లో, ఆయనకు పేరు తెచ్చిన మొదటి పుస్తకం వచ్చింది. ఆధారాలను వడగట్టే పద్ధతికి పునాది వేసింది అదే. దేవుడి చేతిరాత చదవబోతున్నానని నమ్మినవాడు నకలులో ఒక్క తప్పునూ సహించడు. ఆయన దస్తావేజుల పిచ్చికి మూలం ఆ నమ్మకంలోనే ఉంది.

ఇక్కడ విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్‌ను కూడా పిలవాలి. 1821లో బెర్లిన్ అకాడమీలో ఈ ప్రష్యన్ పండితుడు చరిత్రకారుడి పని గురించి ప్రసంగించాడు. జరిగినదేమిటో తేల్చుకోవడం మొదటి మెట్టు, అది లేకపోతే ఏదీ నిలవదు. కానీ జరిగినదంతా కంటికి ఆనదు. చేతికి దొరికేవి తునకలు. వాటిని కలిపి ఉంచిన లోపలి భావాన్ని చరిత్రకారుడు కవిలాగా ఊహతోనే అందుకోవాలి, కాకపోతే ఆ ఊహ ఆధారం చెప్పుచేతల్లో ఉండాలి. రాంకే అరవై ఏళ్లకు పైగా చేసింది ఈ పనే. (మన సీమ కైఫియతులను పోగు చేయించిన కాలిన్ మెకంజీ అదే ఏడాది కలకత్తా దగ్గర కన్నుమూశాడు. తన సహాయకులైన కావలి సోదరుల వంటివాళ్లను ఊరూరికీ పంపి కరణాలు చెప్పిన మాటలు, గుడి కథలు, శాసనాల నకళ్లు ఒకే కట్టలో చేర్చినవాడు. ఆ కట్టలు హుంబోల్ట్ కంటబడి ఉంటే బాగుండేది.)

హెగెల్‌తో కొట్లాడాడు కదా అంటారు. కొట్లాడాడు. 1825లో రాంకే బెర్లిన్ చేరేసరికి హెగెల్ అక్కడ ఏడేళ్లుగా ఏలుతున్నాడు. విశ్వవిద్యాలయంలో రెండు శిబిరాలు. ఒకవైపు హెగెల్, ఆయన శిష్యులు. అటువైపు దైవశాస్త్రవేత్త శ్లయర్‌మాఖర్, న్యాయశాస్త్రవేత్త సవిన్యీ. రాంకే అటు చేరాడు. హెగెల్ పక్షాన నిలిచిన హైన్రిక్ లియో రాంకే మొదటి పుస్తకాన్ని చీల్చి చెండాడాడు. రాంకే పక్షంవాళ్లేం తక్కువ తినలేదు. శ్లయర్‌మాఖర్ అడ్డుపడటంతో అంత పెద్ద హెగెల్‌కు ప్రష్యన్ అకాడమీలో చివరిదాకా చోటు దొరకలేదు. 1831 నవంబరులో ఆయన పోయాడు. 1832లో రాంకేకు అదే అకాడమీలో సభ్యత్వం వచ్చింది.

రాయలసీమలో దాయాదుల తగాదా చూసినవాడికి ఈ కథ విడమరిచి చెప్పక్కర్లేదు. గట్టు కోసం తలలు పగలగొట్టుకునేది అన్నదమ్ముల బిడ్డలే. ఊరికి కొత్తగా వచ్చినవాడికి ఆ చేనిలో వాటా లేదు, కాబట్టి పేచీ కూడా లేదు. హెగెల్‌కూ రాంకేకూ ఉమ్మడి ఆస్తి ఏమిటంటే, చరిత్రను నడిపేది ఆత్మ అని, దానికొక అర్థం ఉందని నమ్మడం. పంచాయితీ అంతా ఆ అర్థాన్ని ఎటువైపు నుంచి పట్టాలన్న దాని మీదే. హెగెల్ భావం నుంచి బయలుదేరి సంఘటనల మీదికి దిగుతాడు. ఒక్కొక్క యుగం విశ్వాత్మ ఎక్కే మెట్టు ఆయనకు. రాంకే విడి విడి సంఘటనల దగ్గర, విడి విడి మనుషుల దగ్గర ప్రేమగా నిలబడి అక్కడి నుంచి పైకి చూస్తాడు. 1854లో బవేరియా రాజు రెండో మాక్సిమిలియన్‌కు బెర్ఖ్‌టెస్‌గాడెన్‌లో పాఠాలు చెబుతూ, ఏ యుగమూ రాబోయే యుగానికి ఒట్టి మెట్టు కాదని, ప్రతి యుగానికీ దేవుడితో నేరుగా సంబంధం ఉందని అన్నాడు. హెగెల్ మీద ఇంతకంటే పెద్ద దెబ్బ లేదు. సరే, ఆ దెబ్బ ఏ కర్రతో కొట్టాడు? తాను తిరగేసిన ఏ వెనిస్ రాయబారి నివేదికలో ఉంది దేవుడికీ యుగానికీ ఉన్న ఆ సంబంధం? ఏ దస్తావేజు దాన్ని రుజువు చేస్తుంది? ఒక భావవాదాన్ని ఇంకో భావవాదంతో కొట్టాడు ఆయన. దీన్ని తత్వం మీద ఆధారాల గెలుపుగా రాసుకోవడం మన అమాయకత్వం.

అలాగని రాంకే లోలోపల హెగెలే అని చెప్పేవాళ్లతోనూ నేను లేను. ఆ తేడా నిజమైనది, మనకు పనికొచ్చేది కూడా. కానీ దాయాదులిద్దరూ ఒక్క చోట మాత్రం చక్కగా రాజీ పడ్డారు, అది మన దగ్గర. హెగెల్ తన పాఠాల్లో భారతీయులకు చరిత్ర రాసే అలవాటే లేదని తేల్చేశాడు. రాంకే ముసలితనంలో, చూపు ఆనక సహాయకులకు చెప్పి రాయించుకుంటూ, 1880ల్లో ప్రపంచ చరిత్ర మొదలుపెట్టాడు. అందులో ప్రపంచం అంటే మధ్యధరా సముద్రం, ఆపైన యూరపు. భారతదేశం అంచున ఎక్కడో ఉంటుంది. ప్రతి యుగాన్నీ దేవుడికి దగ్గర చేసినవాడు, తెలుగులో తొలి శాసనాలు వేయించిన రేనాటి చోళుల యుగాన్ని ఆ వరసలో నిలబెట్టడం మరిచాడు. దస్తావేజులు లేక కాదు, రాళ్ల మీద చెక్కి ఉన్నాయి. ఏది ప్రపంచ చరిత్ర, ఏది కాదు అన్నది కాగితాలు చూడకముందే తత్వం తేల్చిపెట్టింది.

ఇక ఆయన సంప్రదాయవాదం. దీన్ని స్వభావంగా, వయసుతో వచ్చిన చాదస్తంగా చెప్పి తప్పించుకుంటారు. 1830 జూలైలో పారిస్ తిరగబడింది, రాజ్యాంగం కావాలన్న గాలి జర్మనీలోకి వీచింది. 1832లో ప్రష్యా విదేశాంగ మంత్రి బెర్న్‌స్టార్ఫ్ అండతో రాంకే ఒక రాజకీయ చారిత్రక పత్రిక పెట్టి 1836 దాకా నడిపాడు. మహాశక్తుల మీద వ్యాసం, రాజకీయాల మీద ఇద్దరు మిత్రుల సంభాషణ అందులో వచ్చినవే. రాజ్యం మనుషులు కూర్చుని రాసుకున్న ఒప్పందం కాదని, ప్రతి రాజ్యమూ తనదంటూ ఆత్మ ఉన్న ఒక జీవి అని, దేవుడి తలపుల్లో ఒకటని వాటి వాదన. ఫ్రాన్సు రాజ్యాంగాన్ని తెచ్చి ప్రష్యాలో నాటితే బతకదు, ఎందుకంటే ప్రష్యా ఆత్మ వేరు. యుద్ధంలో గెలుపు కూడా ఆయనకు ఒక్క బలగానిదే కాదు, అందులో నైతిక శక్తి ఉంటుంది. చూశారా? రాజుగారి పక్షం ఎందుకు అంటే, జవాబు ఫిక్టే దగ్గర మొదలైన ఆ దారిలోనే ఉంది. తర్వాతవన్నీ దానికి వడ్డీ: 1841లో ప్రష్యా ఆస్థాన చరిత్రకారుడి పదవి, 1848 విప్లవం రోజుల్లో రాజు కొలువులోని సైనికాధికారి మాంటాయ్‌ఫెల్ ద్వారా రాజుకు పంపిన సలహా పత్రాలు, 1865లో కులీనుడన్న గుర్తుగా పేరు మధ్యలోకి వచ్చిన ఆ ‘ఫాన్’.

రాజ్యానికి ఆత్మ ఉందని నమ్మినవాడు ఎవరి కాగితాలు వెతుకుతాడు? రాజ్యం తనతో తాను మాట్లాడుకున్న కాగితాలు వెతుకుతాడు. వెనిస్ రాయబారులు తమ ప్రభుత్వానికి పంపిన నివేదికలు రాంకేకు బంగారు గని. 1827 నుంచి మూడున్నరేళ్లు వియన్నా, వెనిస్, రోమ్ తిరిగి వాటి మధ్యే కూర్చున్నాడు. ఆ కాగితాల్లో రైతు పన్నుగా కనబడతాడు, లేదంటే అల్లరిగా కనబడతాడు. మన అసలు ప్రమాదం ఇక్కడుంది. రాంకే తన తత్వాన్ని దాచుకోలేదు, ముఖం మీదే చెప్పాడు. కావాలంటే ఒప్పుకోవచ్చు, వద్దంటే కాదనొచ్చు. తత్వం లేని రాంకేను దిగుమతి చేసుకున్నవాళ్లకు ఆ వీలు లేదు. సర్కారు కాగితమే సత్యం అన్న మాట వెనక రాజ్యపూజ ఉందని వాళ్లకే తెలియదు. తెలియకుండా చేసే పూజను మాన్పించడం కష్టం.

ఇప్పుడు కోవెలకుంట్లకు వద్దాం. 1846 జూలైలో నరసింహారెడ్డి మనుషులు అక్కడి ఖజానా మీద పడ్డారు. అక్టోబరుకు ఆయన దొరికాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి. తలను కోటకు వేలాడదీసి 1877 దాకా దించలేదు. కోవెలకుంట్ల అప్పట్లో కడప జిల్లాలో ఉండేది, కర్నూలు జిల్లా ఏర్పడింది 1858లో. అందుకే మనకు మిగిలినవి కడప కలెక్టరు కాక్రేన్ ఉత్తరాలు. నరసింహారెడ్డికి రావలసిన భరణం నెలకు 11 రూపాయల 10 అణాల 8 పైసలని సర్కారు లెక్క. పైసలతో సహా ఉన్న ఈ అంకె చూసి చాలామంది ముచ్చటపడతారు. ఇంత ఖచ్చితంగా లెక్క రాసినవాడు కారణం తప్పు రాస్తాడా అని.

రాంకే అయితే ముచ్చటపడడు. 1824 పుస్తకానికి ఆయన ఒక అనుబంధం జోడించాడు. ఇటలీ చరిత్ర రాసిన గిచ్చార్దినీని అప్పటికి దాదాపు మూడు వందల ఏళ్లుగా అందరూ నెత్తిన పెట్టుకుంటున్నారు. రాంకే ఆయన్ను వరుసగా అడుగుతూ పోయాడు: నువ్వు అక్కడ ఉన్నావా? లేకపోతే ఎవరి పుస్తకంలోంచి ఎత్తావు? ఈ ఉపన్యాసం ఎవరు విన్నారు? అడిగి అడిగి ఆ మహా గ్రంథంలో చాలా భాగం ఇతరుల నుంచి తెచ్చుకున్నదని తేల్చాడు. అవే ప్రశ్నలు కాక్రేన్‌ను అడగండి. ఆయన ఎవరికి రాస్తున్నాడు? మద్రాసులోని పై అధికారులకు. తన జిల్లాలో ఖజానా మీద దాడి జరిగినందుకు సంజాయిషీ చెప్పుకోవలసిన స్థితిలో ఉన్నాడు. తిరుగుబాటుకు కారణం ఒక మనిషి భరణం గొడవ అయితే ఆ సంజాయిషీ ఎంత తేలిక! పాలనలో లోపం ఎవరూ వెతకరు. భరణం ఒకరిది, మరి వందల మంది వెంట ఎందుకు నడిచారు? ఊరి కాపలాకు ఇచ్చిన కట్టుబడి మాన్యాలు ఊడిపోయినవాళ్లు, బోయలు, అడవుల్లోని చెంచులు, నరసింహారెడ్డి అనుచరుడు వడ్డె ఓబన్న లాంటివాళ్లు ఎవరి భరణం కోసం ప్రాణాల మీదికి తెచ్చుకున్నారు? ఓబన్న గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ పాలు జనం నోటి నుంచి వచ్చినదే.

పాటకు మాత్రం పరీక్ష వద్దా? కావాలి. ఎవరు పాడారు, ఎవరి వాకిట్లో పాడారు, ఎన్ని తరాల తర్వాత పాడారు అని పాటనూ నిలదీయాల్సిందే. తంగిరాల వెంకట సుబ్బారావు ‘రేనాటి సూర్యచంద్రులు’లో నరసింహారెడ్డి, దాత బుడ్డా వెంగళరెడ్డిల పాటలను పట్టుకుని పనిచేసింది అందుకే. పాటను బోనెక్కించి ఉత్తరాన్ని కుర్చీలో కూర్చోబెట్టడమే తప్పు.

పాటను నమ్మడం రాంకేకు కిట్టదని ఇంకా అనేవాళ్లకు ఒక చిన్న పుస్తకం గుర్తుచేయాలి. 1829లో ఆయన సెర్బియా తిరుగుబాటు మీద రాశాడు. 1804లో తురకల పాలన మీద తిరగబడ్డ కరాజార్జ్ పందుల వ్యాపారి. వెనిస్ రాయబారులు అతని మీద నివేదికలు రాయలేదు. రాంకేకు ఆ కథంతా ఇచ్చింది వియన్నాలో కలిసిన వూక్ కరాజిచ్. కొయ్యకాలితో ఊళ్లు తిరిగి సెర్బ్ జానపద గీతాలు పోగుచేసినవాడు, ఆ తిరుగుబాటు రోజులను స్వయంగా చూసినవాడు. ఆయన చెప్పినవి, రాసి ఇచ్చినవి పక్కన పెట్టుకుని రాంకే పుస్తకం అల్లాడు. శాస్త్రీయ చరిత్ర పితామహుడు పాటల సేకర్త పక్కన కూర్చుని పందుల వ్యాపారి చరిత్ర రాశాడు. ఆ రాంకే మన నోట్సులో లేడు. 1847లో, అంటే కోవెలకుంట్ల ఉరి జరిగిన ఏడాది, ప్రష్యా రాజ్య చరిత్ర అచ్చువేయడం మొదలుపెట్టిన రాంకే మాత్రం ఉన్నాడు. ఏ రాంకే కావాలో ఎంచుకున్నది మనం.

వామపక్ష మిత్రులు కొందరు భావవాది అని తేలాక ఇక ఆయనతో పనేమిటంటారు. 1928 నవంబరులో నంద్యాలలో జరిగినదాన్ని ఈయన సాయం లేకుండా వివరించి చూడమంటాను. ఆంధ్ర మహాసభ సందర్భంగా అక్కడే కడప కోటిరెడ్డి అధ్యక్షతన దత్త మండలాల సభ జరిగింది. ఈ నేలకు రాయలసీమ అని పేరు పెడదామని చిలుకూరి నారాయణరావు అన్నాడు. (గాడిచర్ల హరిసర్వోత్తమరావు అన్నాడనేవాళ్లూ ఉన్నారు.) దత్త మండలాలు అంటే నిజాం 1800లో కంపెనీకి ఒప్పగించిన ప్రాంతం అన్నది కాగితం. ఆ కాగితం నిజమే. అయినా జనం దాన్ని వదిలి, తమకొక విడి వ్యక్తిత్వం ఉందన్న తలపును పట్టుకున్నారు. ఆ తలపు రాజకీయాన్ని నడిపింది, తొమ్మిదేళ్లకు కోస్తా, సీమ నాయకుల మధ్య శ్రీబాగ్ ఒడంబడిక రాయించింది. కరువూ కోస్తా ఆధిపత్య భయమూ లేకపోతే ఆ తలపు నిలిచేది కాదు, అది నేనూ ఒప్పుకుంటాను. కానీ కరువు తనంతట తాను పేరు పెట్టుకోదు. ఆ పేరులోనే రాంకే జబ్బు కూడా ఉంది. రాయలు ఉన్నారు, రైతు లేడు. 1839 దాకా నంద్యాలను ఏలిన కర్నూలు నవాబులు లేరు.

ఇదంతా విన్నాక కూడా కలెక్టరు ఉత్తరాలే కావాలంటే, సంతోషం, అవే ముందు బయటపెడదాం. ప్రతి ఉత్తరమూ తెలుగులో, ఏ తేదీన, ఎవరు, ఎవరికి, ఏ వార్తాహరుడి మాట మీద రాశారన్న వివరంతో అచ్చు కావాలి. ఎదుటి పేజీలో అదే సంఘటన మీద పాట, పాడినవాళ్ల ఊరుతో. చివర గిచ్చార్దినీ మీద రాంకే రాసినదానిలాంటి అనుబంధం ఒకటి, కాక్రేన్ మీద. ఆ పుస్తకం వచ్చేదాకా నరసింహారెడ్డి కేసులో రాంకేను సాక్షిగా పిలిచే హక్కు ఏ పక్షానికీ లేదు.